లెక్క తప్పిన రొట్టెలు

అత్తమ్మా,

నువ్వు పోయిన ఏడాదికి నీ మలీద గుట్టు ఇవాళ బయటపడింది.

నీ మనవరాలు మలీద కావాలని అడిగిందని పొద్దున్నే వేడివేడి జొన్నరొట్టెలు కాల్చి, బెల్లం, వేయించిన ఇప్పపువ్వు వేసి రోట్లో దంచాను. జిగురుముద్ద అయింది. "నాయనమ్మ చేసినట్టు లేదు" అని పిల్ల పక్కకు నెట్టేసింది. ఎక్కడ చెడిందో అంతుపట్టక ములకలపల్లిలో ఉన్న నీ చెల్లెలికి ఫోన్ చేశాను. ఆమె ఒకటే నవ్వు.

"వేడి రొట్టెతోని మలీద ఏంది పిల్లా? రాత్రిది మిగలాలె, పొద్దటికి గట్టిపడాలె. అప్పుడే పొడిపొడి అయితది."

మనింట్లో రోజూ రెండు రొట్టెలు మిగిలేవి. "మళ్లీ ఎక్కువ చేసినవ్ అత్తమ్మా" అని నేను విసుక్కుంటే, "లెక్క తప్పిందే" అనేదానివి. గంపలో ఇప్పపువ్వు చూసి ఎన్ని కిలోలో చెప్పేదానివి, నీకు రొట్టెల లెక్క ఎట్లా తప్పుతుందని నాకు ఒక్కనాడూ అనుమానం రాలేదు.

ఈ సాయంత్రం రెండు రొట్టెలు ఎక్కువ కాల్చాను.

"గవి ఎవరికి?" అన్నాడు నీ కొడుకు.

"లెక్క తప్పింది" అన్నాను.