గూడబాతు బిళ్ళ

అమ్మా,

ఈ మాట ముందు నీకే చెప్పాలి. మన ఊరి గూడబాతు రాగి బిళ్ళ మీదికెక్కింది. పక్షుల పండక్కి వచ్చేవాళ్ళకు గుర్తుగా ఇవ్వడానికి ఊరివాళ్ళే చేయించారు.

మొదట రాజహంస బొమ్మ వేద్దామనుకున్నారట, అందంగా ఉంటుందని. నీ చెల్లెలు ఊరుకుంటుందా? మీటింగులో లేచి, "అది పులికాట్‌కు మేతకొచ్చి పొయ్యేది. మన సెరువు సెట్ల మీద పురుడు పోసుకునేది గూడబాతు. సుట్టానికి బొమ్మేసి ఆడబిడ్డను మర్సిపోతారా?" అందట. పురిటికొచ్చిన ఆడబిడ్డలు బెదిరిపోతారని, దీపావళికి మమ్మల్ని ఒక్క టపాకాయ కాల్చనివ్వలేదు నువ్వు. మీ ఇద్దరిదీ ఒకటే వరస.

నువ్వు పోయాక అటు వెళ్ళనిదాన్ని, బిళ్ళలు వచ్చాయనగానే తిరుపతి నుంచి మొదటి బస్సుకే వెళ్ళాను. గూడు, గూట్లో పిల్ల, సంచిలా వేలాడే ముక్కు, అన్నీ దిగాయి. నేను సరిగ్గా చూసేలోపే పిన్ని దానికి పసుపు రాసి కుంకుమ పెట్టేసింది. ఇక అది బాతో కోడో ఎవరికీ తెలియదు. పడీ పడీ నవ్వాను.

బయల్దేరేటప్పుడు ఆ బిళ్ళనే రవికెగుడ్డలో పెట్టి నా ఒళ్ళో వేసింది. "మీయమ్మ లేదని ఒట్టి సేతుల్తో పంపిస్తామా?" అంది.

ఎక్కడి నుంచి వస్తున్నావని బస్సులో పక్కసీటామె అడిగింది.

పుట్టింటి నుంచి అన్నాను.