రెండో వైపు మూడో పాట

విజయవాడ,
జూన్ 8

ప్రియమైన లాజరూ,

కులాసాగా ఉన్నావనుకుంటాను. కంకిపాడు బస్సు కండక్టరు చేతికిచ్చిన రికార్డు చేరిందా? ట్రంపెట్, పియానో, బేస్, డ్రమ్ములు, నలుగురే. పంపే ముందు వారం రోజులూ నేను ఇదే విన్నాను. అద్భుతం, అంతకన్నా ఏం చెప్పను.

నువ్వు నిదానంగా విని, ఎప్పటిలాగే వివరంగా రాయి. ఏ వైపు, ఏ పాట, ఎవరు ఎక్కడ ఏం చేశారు, అన్నీ. మీ అమ్మాయి హెప్సిబా నీకు ఫోను కొనిపెట్టిందట. అయినా ఫోన్లో చెప్పకు. కాగితం మీద నీ అక్షరాలు చూస్తేనే నాకు తృప్తి.

నా పెళ్ళిలో నువ్వు క్లారినెట్ వాయించిన మర్నాడు మా వరండాలో పాత జాజ్ టేపు ఒకటి వినిపించాను. టీ చల్లారిపోయినా కదలకుండా కూర్చున్నావు. ముప్పై ఒక్క ఏళ్ళయింది.

నీ
సూర్యప్రకాష్


కంకిపాడు,
జూన్ 20

ప్రియమైన సూర్యప్రకాష్ గారికి,

లాజరు నమస్కారాలు. మీ దయవల్ల ఈ పది రోజులూ పండగలా గడిచాయి. పెళ్ళిళ్ళకి ఇప్పుడు డీజే బాక్సులు పెట్టుకుంటున్నారు. మా బ్యాండుని చావులకు మాత్రమే పిలుస్తున్నారు. కాబట్టి వినడానికి కావలసినంత తీరిక.

డ్రమ్ములాయన కర్రలు పక్కన పెట్టి సన్నటి తీగల బ్రష్షులతో వాయించాడు. చెరువు గట్టు మీద మా అమ్మ ధాన్యం తూర్పారబట్టేటప్పుడు వచ్చే చప్పుడు అది. చిన్నప్పుడు ఆ చప్పుడులోనే నిద్రపోయేవాణ్ణి. పియానో ఆయన తక్కువ మాట్లాడే మనిషి అనుకుంటాను.

రెండో వైపు మూడో పాట మరీ మరీ విన్నాను. ట్రంపెట్ ఆయన పై స్వరం దాకా వెళ్ళి, దాన్ని అందుకోకుండా వదిలేశాడు. చేతకాక కాదు. అందుకుంటే పాట అక్కడితో అయిపోతుందని. ఆ ఖాళీలో బేస్ ఒక్కటే నాలుగడుగులు వేస్తుంది. నేను అక్కడ ఊపిరి బిగపట్టాను.

రికార్డు ఈ ఉత్తరంతోనే తిరిగి పంపుతున్నాను. ఇప్పుడు మీరిచ్చిన ప్లేయరు మీద ఆ పాత సాక్సఫోన్ రికార్డే మళ్ళీ వింటున్నాను. మీరు ఏం వింటున్నారో రాయండి.

మీ
లాజరు


విజయవాడ,
ఆగస్టు 4

ప్రియమైన లాజరూ,

రెండు రికార్డులు పంపి నెల దాటింది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒంట్లో బాగానే ఉందా? వాటిలో ఒక గాయని ఉంది. ఆమె గురించి నువ్వేం రాస్తావో అని ఎదురుచూస్తున్నాను. కాస్త తొందరగా, వీలైతే ఈ ఆదివారం లోపే అందేలా పంపు. ఇక్కడ ఉక్కపోత చంపేస్తోంది.

నీ
సూర్యప్రకాష్


కంకిపాడు,
ఆగస్టు 12

సూర్యప్రకాష్ గారికి,

ఉత్తరం అందింది. జూలైలో రెండో ఆదివారం జరిగినదాని గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. అందుకని నేనే రాస్తున్నాను.

హెప్సిబాతో పనిచేసే నర్సు ఫోన్లో మీ ఫొటో ఉన్న ప్రకటన చూపించిందట. గవర్నరుపేటలో ఒక హాల్లో నెలనెలా మీరు జాజ్ గురించి ప్రసంగిస్తారని, రికార్డులు వినిపిస్తారని అందులో ఉంది. నాకు మీరెప్పుడూ చెప్పలేదు. మిమ్మల్ని ఆశ్చర్యపరుద్దామని అమ్మాయి నాకు ఇస్త్రీ చొక్కా వేయించి తీసుకొచ్చింది. వెనక వరసలో కూర్చున్నాం.

మీరు తూర్పారబట్టే చప్పుడు అన్నారు. నిజం చెప్తున్నాను, మొదట నాకు సంతోషమే కలిగింది. ఇప్పుడు నా పేరు చెబుతారేమోనని సిగ్గుపడి తల వంచుకున్నాను. మీరు, "చిన్నప్పుడు మా పొలంలో విన్నాను" అన్నారు.

తర్వాత ట్రంపెట్ గురించి నా మాటలు పొల్లుపోకుండా చెప్పి, రికార్డు మొదటి వైపు పెట్టారు. ఆ వైపు ట్రంపెట్ ఏ స్వరాన్నీ వదలదు. నలభై మందీ తలలూపారు. మీరూ కళ్ళు మూసుకుని ఊపారు.

నాకు ఉండబట్టలేదు. లేచి, అది రెండో వైపు మూడో పాటలో ఉందండీ అన్నాను. మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు. వచ్చినవాళ్ళు అది విని వెళ్ళాలని. మీరు నన్ను సూటిగా చూశారు.

"మీరెవరండీ?" అన్నారు.

ముప్పై ఒక్క ఏళ్ళలో మీరు నన్ను మీరు అని, అండీ అని పిలవడం అదే మొదటిసారి.

హెప్సిబా ఏదో అనబోయింది. చెయ్యి పట్టుకుని బయటకు తీసుకొచ్చాను. బస్సులో కంకిపాడు దాకా ఏడుస్తూనే ఉంది.

లాజరు


విజయవాడ,
ఆగస్టు 20

ప్రియమైన లాజరూ,

నిన్ను అక్కడ చూస్తాననుకోలేదు. ఏదో అనబోయి అలా అన్నాను. తప్పే.

నీ దగ్గర దాచేదేముంది. ఆ సంగీతం నాకు ఎప్పుడూ వినపడలేదు. బ్యాంకులో పై అధికారి వినేవాడు కాబట్టి నేనూ కొనడం మొదలుపెట్టాను. నాకు చప్పుడు మాత్రమే వినిపించేది. నీ ఉత్తరం చదివితే అందులో ఏదో ఉందని తెలిసేది. రిటైరయ్యాక ఇంట్లో నా మాట వినే దిక్కు లేదు. నెలకొకసారి నలభై మంది వింటున్నారు. కంకిపాడులో బ్యాండ్ వాయించే మనిషి రాశాడంటే ఎవరొస్తారు, నువ్వే చెప్పు.

ప్రసంగాలు పుస్తకంగా వేస్తున్నాం. ముందుమాటలో నీ పేరు తప్పకుండా వేస్తాను. కోపం తీసేసి ఆ గాయని గురించి రాయి. అదొక్కటి వస్తే పుస్తకం నిండుగా ఉంటుంది.

నీ
సూర్యప్రకాష్


కంకిపాడు,
సెప్టెంబరు 15

సూర్యప్రకాష్ గారికి,

మీ రికార్డులూ ప్లేయరూ హెప్సిబా ఆటోలో తెచ్చి మీ ఇంట్లో అప్పగించింది. ఇక్కడ ఉంచుకుని లాభం లేదు. ఏది పెట్టినా మీ గొంతు వినిపిస్తోంది. బ్రష్షుల చప్పుడు వస్తే మా అమ్మ గుర్తొచ్చేది. ఇప్పుడు మీరు కళ్ళు మూసుకుని తల ఊపడమే కనిపిస్తోంది. నా నుంచి తీసుకున్నది మాటలొక్కటే అనుకుంటున్నారేమో.

మీకు వినపడదని చదివి జాలిపడాలని చూశాను. నావల్ల కాలేదు. అడిగి ఉంటే పక్కన కూర్చుని ఒక్కో వాయిద్యం విడదీసి చెప్పేవాణ్ణి. ఆ టేపు తప్ప మనిద్దరం కలిసి ఒక్క రికార్డూ వినలేదు, గమనించారా? నేను ఎన్నిసార్లు వచ్చినా మీరు నన్ను వరండా దాటి లోపలికి రమ్మనలేదు. మీ ప్లేయరు లోపలి గదిలో ఉండేది. నేను ఆ సంగతి పట్టించుకోలేదు. రికార్డులు పంపిస్తున్నారు కదా, ఇంకేం కావాలి అనుకున్నాను.

ముందుమాటలో నా పేరు వద్దు. వేస్తే అట్ట మీద వేయండి. లేదంటే ఎక్కడా వద్దు. గాయని గురించి రాయను. ఆమె గురించి నాకు తెలిసింది నాతోనే ఉంటుంది.

మొన్న మా డ్రమ్ము రత్తయ్య పోయాడు. బ్యాండులో మిగిలింది ముగ్గురం. సమాధుల దొడ్డి దగ్గర అలవాటైన కీర్తన అయిపోయాక నేను క్లారినెట్ దించలేదు. ఏ రికార్డులోదీ కాదు, ఎవరూ నేర్పిందీ కాదు. రత్తయ్య నడక తలుచుకుంటూ వాయించాను. ఊపిరి చాలక రెండుచోట్ల తెగింది. పాస్టరుగారు ఇక చాలన్నట్టు చూశారు. అయినా ఆపలేదు.

అందరూ వెళ్ళాక రత్తయ్య భార్య రావమ్మ నా దగ్గరకొచ్చి నిలబడింది.

"ఎవరిదయ్యా ఆ పాట?" అంది.

"నాదేనమ్మా" అన్నాను.

ఇట్లు,
బొల్లా లాజరు,
క్లారినెట్ వాద్యకారుడు