బెన్నీ గిటార్‌కు మేం కట్టిన మాటలు

బెన్నీ,

హుజూరాబాద్ చర్చి స్త్రీల సమాజం తరఫున మీ మేనత్త దీవెనలు.

నీ రాక్ ఆల్బమ్ దేశమంతా మోగుతోందట, సంతోషం. కానీ అన్నీ ఉత్త గిటార్ పాటలేనాయె! పాడే మనిషి దొరకలేదేమో పాపం అనుకుని మేమే పూనుకున్నాం. రాగం చేతికొస్తే కీర్తన కట్టకుండా ఊరుకునే అలవాటు మాకు లేదు కదా. ఇప్పుడు ఆదివారం ఆరాధనలో నీ పాటలే పాడుతున్నాం.

ఒక్కటే ఇబ్బంది. మూడో పాటలో నీ వేళ్లు పరుగెత్తే చోట మేం "హల్లెలూయ" పెట్టుకున్నాం. అక్కడ ఆనందమ్మ పెద్దమ్మకు ఊపిరాడటం లేదు. "గా పిలగాన్ని జర మెల్లగ వాయించుమను. లేకుంటే పాట ఒడిసేవరకు నేను ప్రభువు దగ్గరికి పోత" అంటోంది. కాబట్టి నెమ్మదిగా వాయించి మళ్లీ పంపు.

చివరి పాటకు మాత్రం మాటలు కట్టలేదు. చదువు మాని గిటార్ పట్టావని నీతో పలకడం మానేసిన మీ బాపు, మొన్న మా సాధనకు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆ పాట మొదలవగానే నేను కాగితం తీశాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"దానికేం రాయకక్కా. పోరడు మాట్లాడుతుండు, జర విననియ్యి."

మీ అత్త