బోణీ బేరం

ఏమండీ,

బాగున్నారా అని రాయబోయి ఆగాను. ఉత్తరమంటే అలాగే మొదలుపెట్టడం అలవాటు మరి, ఏం చెయ్యను? మీరు వెళ్ళిపోయి ఏడాది నిండి, పైన రెండు నెలలు గడిచాయి. నేను బాగానే ఉన్నాను. కొట్టు తెరిచే ఉంది.

ఇప్పుడు మధ్యాహ్నం. వాన వెలిసింది గానీ స్టేషన్ రోడ్డులో ఇంకా జనం లేరు. మిషను బల్ల మీదే కాగితం పెట్టుకుని రాస్తున్నాను. ఎవరైనా వస్తే మధ్యలో లేస్తాను. అక్షరాలు అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి, నా దస్తూరి చూసి మీరెలాగూ నవ్వేవారే కదా...

ముందు మీకో విచిత్రం చెప్పాలి. మీరున్నన్నాళ్ళూ మీ పేరు ఒక్కసారైనా నా నోటితో అన్నానా? రేషను కార్డు రాసే గుమాస్తా అడిగితే పక్కింటి పిన్నిగారి చేత చెప్పించాను. ఇప్పుడు తెల్లారి లేస్తే అదే మాట. శేఖర్ బ్యాగ్ హౌసండి, స్టేషన్ రోడ్డులోనండి, మిక్చరు కొట్టు దాటాకనండి... మొదట్లో సగంలోనే ఆపేసేదాన్ని. ఇప్పుడు పరవాలేదు. మిమ్మల్ని పిలిచినట్టే ఉంటుంది.

మీరు పోయిన నెలకి బాపట్ల నుంచి మా అన్నయ్య వచ్చాడు. "మిషను తీసుకుని బాపట్ల వచ్చెయ్యవే. ఇంట్లో కూర్చుని జాకెట్లు కుట్టుకుందువుగాని. ఒక్కదానివి, బజార్లో కొట్టేంటి?" అన్నాడు. వాడి మనసు మంచిదే. అయినా నేను వచ్చే ఏడు దసరా దాకా ఆగమన్నాను. అప్పటికి కొట్టు నా చేతి మీద నడవకపోతే తాళం నువ్వే పట్టుకుపో అన్నాను. అన్నానే గానీ, ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలీదు. మీకేమైనా తెలుసా?

కామెర్లు ముదిరి మాట్లాడలేని రోజుల్లో కూడా మీరు కొట్టు తాళాలు తలగడ కింద పెట్టుకున్నారు. బహుశా అది చూసే అని ఉంటాను.

మీ ముగ్గురి సంగతీ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఒక్కరికీ పాతికేళ్ళు నిండలేదు. మీకు సంచుల కొట్టు, కోటేశు అన్నయ్యకి మిక్చరు కొట్టు, మురళికి పెళ్ళి కార్డులు అచ్చువేసే గది. మీ మొహాలు చూసి అప్పిచ్చే బ్యాంకు తెనాలిలో లేదు. అందుకని ఒకరి కొట్టుకి ఒకరు డప్పు కొట్టుకునేవారు. మిక్చరు పొట్లం మీద మన కొట్టు పేరు, మన సంచి మీద మిక్చరు కొట్టు పేరు, రెంటి మీదా మురళి అచ్చు. కార్డులకి వచ్చిన పెళ్ళివారిని మురళి ఊరికే పంపేవాడా? తాంబూలాల సంచులు ఎక్కడ కుట్టించుకోవాలో, బూందీ ఎక్కడ చెప్పాలో చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పిగానీ వదిలేవాడు కాదు.

మన పెళ్ళైన కొత్తలో రేపల్లె బండెక్కించి అత్తయ్యగారింటికి తీసుకెళ్ళారు, గుర్తుందా? నా చేతికో కొత్త సంచి ఇచ్చారు. మీరు దగ్గరికి వంగితే ఏం చెప్తారోనని నేను సిగ్గుపడి చస్తున్నాను. మీరు నా చెవిలో అన్న మాట... "అక్షరాలు బయటికి పెట్టి పట్టుకో పద్మా. బండి నిండా జనం ఉన్నారు." వేమూరు వచ్చేదాకా మీతో మాట్లాడలేదు నేను.

ఆ రేపల్లెలోనే కదా మన పరువు పోయింది! నిజాంపట్నం నుంచి చేపలు తెచ్చుకునేవాళ్ళకి నీళ్ళు కారని సంచి అని బస్టాండులో చెంబెడు నీళ్ళు పోసి చూపించబోయారు. కుట్టు రంధ్రాల్లోంచి కారి మీ ప్యాంటంతా తడిసింది. బస్సు కోసం నిలబడ్డ చేపలమ్మే ఆడవాళ్ళు ఎలా నవ్వారో... ఇంటికొచ్చాక అడుగున కుట్టే లేకుండా ఒకటే రెగ్జిన్ ముక్క పైకి మడిచి కుట్టి చూశాను. చుక్క కారలేదు. అది మొదలు కనబడ్డవాళ్ళందరికీ "ఇది మా పద్మ బుర్ర" అని చెప్పుకుని తిరిగారు. అప్పుడు మిమ్మల్ని కసురుకున్నాను గానీ లోపల ఎంత సంతోషపడ్డానో మీకు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాను.

ఇంక మీ బోణీ పిచ్చి. కొట్టు తెరవగానే మొదటి బేరం మంచి చేతి మీద జరగాలని బజారంతా నమ్మేదే. మీరు ముగ్గురూ దానికో వంతు పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే కోటేశు అన్నయ్య మన దగ్గర కొనాలి. మీరు మురళి దగ్గర కొనాలి. మురళి వెళ్ళి అన్నయ్య దగ్గర కొనాలి. చిల్లర వేసుకునే పర్సు అయినా, కవర్లయినా, గుప్పెడు మిక్చరయినా సరే, ఎవరికి కావలసింది వాళ్ళు. కానీ బేరమాడి తీరాలి. అది మీరు పెట్టిన షరతు. "అడిగినంతా ఇచ్చేస్తే అది బోణీ కాదు, ధర్మం. మనకి ధర్మమెందుకు?" అనేవారు. మీరూ మురళీ పావలా దగ్గర అరుచుకుంటుంటే కొత్తవాళ్ళు నిజంగా కొట్టుకుంటారేమోనని అడ్డం వచ్చేవారు.

మీరు లేకుండా కొట్టు తెరిచిన రోజు, తుడిచి, దీపం పెట్టి, గల్లాపెట్టె ముందు కూర్చున్నాను. ఒకావిడ మెట్టెక్కింది. నా నుదురు చూసింది. లోపల ఇంకెవరైనా ఉన్నారా అని చూసింది. "మళ్ళీ వస్తాలేమ్మా" అని దిగిపోయింది. ఇంకొకాయన మెట్టు కూడా ఎక్కలేదు. ఎండ ముదిరాక నలుగురూ వచ్చారు, కొన్నారు. మన సంచి గట్టిదని వాళ్ళకి తెలుసు. కొనేవాళ్ళకి లోటు లేదండి. పొద్దున్నే, అందరికన్నా ముందు నా చేతి నుంచి తీసుకునేవాళ్ళే లేరు.

మర్నాడు నేను తాళం తీసేసరికి కోటేశు అన్నయ్య అరుగు మీద ఉన్నారు. ఒక పెద్ద సంచి తీసుకున్నారు, ఎంతమ్మా అన్నారు, చెప్పినంతా ఇచ్చి వెళ్ళిపోయారు. ఆ మర్నాడూ అంతే. వానొచ్చినా జ్వరమొచ్చినా మానలేదు. ఒకరి బేరం అయిందని చూశాక మిగతావాళ్ళూ మెట్టెక్కడం మొదలుపెట్టారు. అలా నిలబడింది మన కొట్టు. ఆ మేలు మర్చిపోతే నాకు పుట్టగతులుండవు.

కానీ లోపల ఏదో గుచ్చుకునేది. ఏంటో తెలిసేది కాదు.

మొన్న వినాయక చవితి వెళ్ళాక కోటేశు అన్నయ్య భార్య, వదిన, కాలు బెణికి మంచం ఎక్కింది. చూడ్డానికి వెళ్ళాను. కాఫీ కలుపుదామని పంచదార డబ్బా కోసం పైకి చూస్తే, అటక నిండా మన సంచులే. ఒక్కదానికీ మడత విప్పలేదు. "రోజుకొకటి తెస్తుంటే ఎన్నని వాడను పద్మా?" అని వదిన నవ్వింది. పాపం, నన్ను నొప్పించాలని కాదు.

అప్పుడు తెలిసింది గుచ్చుకునేది ఏంటో. ఏడాదిగా కోటేశు అన్నయ్య నా దగ్గర ఒక్కసారీ బేరమాడలేదు.

మరి మురళి కొట్టులో బోణీ ఎవరు చేస్తున్నారు వదినా అని అడిగాను. అది మీ వంతు కదా. వదిన మొహం పక్కకి తిప్పుకుంది. "ఈయనే... నీ దగ్గర కొన్నాక దారిలో అక్కడా కొనేసి వస్తున్నార్లే" అంది. అంటే మీ వంతు నాకు రాలేదన్నమాట. ఏడాది నుంచీ నా దగ్గర కొంటున్నారు గానీ, నన్ను కొననివ్వలేదన్నమాట.

ఇంటికొచ్చి ఏడ్చాను. బజార్లో ఎవరో మొహం తిప్పుకుంటే రాని ఏడుపు అది. వీళ్ళు నన్ను ఆదుకున్నారు, నిజమే. తమలో కలుపుకోలేదేం? నా చెయ్యి తగిలితే మురళి కొట్టుకి చెడు జరుగుతుందని వాళ్ళకీ అనిపించిందా? లేకపోతే నేనే బాధపడతానని పిలవలేదా? అడిగితే ఏం చెప్తారో విని తట్టుకోగలనా? మీరుంటే ఏమనేవారు...

మర్నాడు మన కొట్టు తాళం తీయలేదు. తిన్నగా మురళి దగ్గరికి వెళ్ళాను. అప్పుడే తలుపులు తీశాడు. వాళ్ళమ్మగారు దేవుడి పటానికి దండ వేస్తున్నారు. ఆవిడకి పట్టింపులెక్కువని మీరే అనేవారు కదా. అయినా చెప్పులు విడిచాను. నేను గుమ్మం ఎక్కానో లేదో, వెనకాల రెండు రిక్షాలు ఆగాయి. దుగ్గిరాల నుంచి పసుపు వ్యాపారం చేసే వాళ్ళట, పిల్ల పెళ్ళికి కార్డులు వేయించడానికి వచ్చారు. నాకు తెలీదండి. తెలిస్తే వెళ్ళేదాన్ని కాదు. వెనక్కి వెళ్ళిపోదామంటే వాళ్ళని దాటుకుని వెళ్ళాలి.

"కవర్లు ఒక కట్ట కావాలి మురళీ, ఎంత?" అన్నాను.

"ఐదు రూపాయలు వదినా" అన్నాడు మెల్లిగా.

"మూడుకిస్తావా?"

మురళి నా వైపు చూశాడు, వాళ్ళమ్మగారి వైపు చూశాడు, గుమ్మంలో నిలబడ్డ పెళ్ళివారి వైపు చూశాడు. కట్ట నా చేతికిచ్చేసి, డబ్బులు తర్వాత చూద్దాంలే వదినా అంటే అది బోణీ కిందికి రాదు, ఎవరికీ ఇబ్బంది లేదు. అదే అంటాడనుకున్నాను. అలా అంటే మాత్రం ఆ సాయంత్రమే బాపట్ల బండెక్కేద్దామనుకున్నాను.

"గిట్టదు వదినా. కాగితం ధర మండిపోతోంది. నాలుగున్నర" అన్నాడు.

నేను మూడున్నర అన్నాను. వాడు కాదన్నాడు. నేను కట్ట బల్ల మీద పెట్టేశాను. అప్పుడు వాళ్ళమ్మగారు దండ వేస్తూనే, ఇటు తిరక్కుండానే అన్నారు: "పొద్దున్నే వచ్చిన బేరం పోగొట్టుకుంటావేంట్రా? నాలుక్కి ఇచ్చెయ్యి."

ఇచ్చాడు. నా డబ్బు అందరి ముందూ కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేశాడు.

పెళ్ళివారు లోపలికి రాలేదు. పెద్దాయన వాచీ చూసుకుని, మళ్ళీ వస్తామని అందర్నీ రిక్షా ఎక్కించాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు. కార్డులు గుంటూరులో వేయించుకున్నారని తర్వాత తెలిసింది.

మర్నాడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? మన కొట్టు తెరుచుకుని తల వంచుకుని కుట్టుకుంటున్నాను. ఆ రోజు కోటేశు అన్నయ్య కూడా రాలేదు. అంతా అయిపోయిందనుకున్నాను. కాసేపటికి మెట్ల మీద అలికిడి. మురళి వాళ్ళమ్మగారు. ఆయాసపడుతూ వచ్చారు. "నువ్వు రాలేదేంటమ్మా? ఇద్దరు వచ్చి కూర్చున్నారు. వాడేమో బోణీ కాలేదు, మా వదిన రావాలి, అప్పటిదాకా డబ్బు ముట్టుకోనంటున్నాడు. చీకటి పడేదాకా ఇలాగే కూర్చోమంటావా మమ్మల్ని?"

మిషను మీద గుడ్డ అలాగే వదిలేసి వెళ్ళాను. ఏం కొన్నానో కూడా గుర్తు లేదు. పావలా మాత్రం తగ్గించాడు.

తిరిగొచ్చేసరికి కోటేశు అన్నయ్య మన అరుగు మీద కూర్చుని ఉన్నారు. సంగతి అప్పటికే తెలిసినట్టుంది. ఎప్పట్లాగే ఒక సంచి తీశారు. ఎంతమ్మా అన్నారు. చెప్పాను. సంచి తిరగేశారు, కుట్టు లాగి చూశారు.

"ఇంతా? కుట్టు వదులుగా ఉంది. పైగా ఇప్పుడు ప్లాస్టిక్ కవర్లు వచ్చేశాయి. ఇంక సంచి ఎవడు కొంటాడమ్మా?"

నా కుట్టు వదులంటే ఊరుకుంటానా? చూసి మాట్లాడండన్నాను. రెండు రూపాయలు తగ్గించమన్నారు. కుదరదన్నాను. "అయితే వద్దులే" అని మెట్లు దిగిపోయారు. పిలుస్తానని ఆయన అనుకున్నారు. నేను పిలవలేదు. సందు మొదట్లో ఆగి, చెప్పు సరిచేసుకున్నట్టు కాసేపు నిలబడి, వెనక్కి వచ్చారు. అర్ధరూపాయి తగ్గించాను. గొణుక్కుంటూ ఇచ్చి వెళ్ళారు.

ఆయన వెళ్ళాక ఆ డబ్బు కళ్ళకద్దుకుంటే చెయ్యి తడిసిపోయింది. సంతోషమండి. మీరు పోయాక ఇంత సంతోషం నాకు రాలేదు. అది చూడ్డానికీ మీరు లేరు.

దసరాకి బాపట్ల నుంచి మా అన్నయ్య అన్న మాట ప్రకారం వచ్చాడు. మూడు రోజులున్నాడు, అరుగు మీద కూర్చుని అంతా చూశాడు. తాళం అడగలేదు, నేనివ్వలేదు. వెళ్ళేటప్పుడు బాపట్లలో కాలేజీ పిల్లలకి చూపించమని కొత్త రకం సంచులు కొన్ని కట్టిచ్చాను. ఇదేం పనే అని సణిగాడు గానీ తీసుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద వాడి బట్టలు సర్దిన సంచి కూడా మనదే. పేరు కాలి వైపుకి తిప్పి పట్టుకున్నాడు. బండి కదలబోతుంటే కిటికీ దగ్గరికి పరుగెత్తాను. ఏదో చెప్తానని పాపం తల బయటికి పెట్టాడు.

"అక్షరాలు బయటికి పెట్టి పట్టుకో అన్నయ్యా" అన్నాను.

బండి వెళ్ళిపోయాక తెలిసింది, ఆ మాట ఎవరిదో.

మెట్లెక్కి ఎవరో వస్తున్నారండి. చేపల సంచి కోసమే అయ్యుంటుంది, రేపల్లె వైపు మాట వినబడుతోంది. ఇంక ఉంటాను. పొద్దున్నే మురళి కొట్టులో మీ వంతు ఉంది కదా, అది నేనున్నంతకాలం తప్పనివ్వను. పావలా కూడా వదలను.

మీ
పద్మ