అక్కడ పోటు, ఇక్కడ చలి

అక్టోబర్ 12, ఆదివారం

గాలం బెండు కదలలేదు. తెల్లవారినప్పటి నుండి మబ్బు. ఆకు కూడా అల్లాడని ఉక్క. క్యాసంబళ్ళి చెరువు మూత పెట్టినట్టు నిశ్చలంగా ఉంది. ఇట్లాంటి పూట కొరమీను తుంగ అంచుకు రావాలి. రాలేదు. ఇంగువ కలిపిన నా రాగిముద్ద ఎర కొక్కేన్ని వదిలి నీళ్ళలో కరిగిపోతూనే ఉంది.

నా స్నేహితురాలు ఆరోగ్యం పక్కన ఉంటే ఊరుకునేదా... "వానపాము ముట్టనంటావు, చేప మాత్రం కావాలంటావు. నీ ఇంగువ వాసనకు కొరమీనులన్నీ ఏకాదశి పట్టినట్టుండాయమ్మా!" ఆస్పత్రిలో నర్సుగా జీవితమంతా గడిపిన మనిషి. ముట్టరానిదంటూ ఆమెకు ఏదీ లేదు. నేను పట్టడం, ఆమె వండుకొని తినడం: నేను రిటైరైన నాటి నుండి మా మధ్య ఏర్పాటు అది. భూగోళం బోధించిన లెక్చరరు గాలం వేస్తుందనీ, పట్టినది తినదనీ రాబర్ట్‌సన్‌పేట బజారంతా నవ్వింది. నవ్వనీ.

ఆమె కూర్చునే చోట ఇవాళ మేకలు పడుకున్నాయి.

అక్టోబర్ 14

ఆరోగ్యం ఫోన్ చేసింది. పులికాట్ సరస్సు ఒడ్డున, తమ్ముడు దాసు ఇంట్లో ఉంది. మరదలి కంటి ఆపరేషన్‌కు సాయమని వెళ్ళింది. ఆ కన్ను ఎప్పుడో బాగయింది.

"ఏమ్మా లెక్చరరూ, పడినాయా?"

"లేదు."

"ఈడ రొయ్య కుప్పలు కుప్పలు. చిన్నప్పుడు నాకు పోటూ పాటూ అంటే లెక్కే లేదు. ఇప్పుడు లేస్తూనే అదే చూస్తాండా. పోటులో నీళ్ళు ఎక్కినప్పుడు రొయ్య పిల్ల చిత్తడి గడ్డిలోకి పోతాది. పాటులో నీళ్ళు దిగేటప్పుడు కాలవలో పడి జారతాది. ఆ కాలవ మొగదల పండుగప్ప చేప కాసుకోని ఉంటాది, పెండ్లి బంతిలో ముందు కూర్చునేటోడి మాదిరి."

చంద్రుడి ఆకర్షణ గురించి నేను మొదలుపెట్టాను.

"చంద్రుడు నాకూ తెలుసులేమ్మా. నేనేమి నీ స్టూడెంటునా?"

ఎప్పుడు వస్తావని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

అక్టోబర్ 18, శనివారం

ఈ చెరువుకు చంద్రుడు మునెంకటప్పే. నీరుగంటి, మడులకు నీళ్ళు వదిలే తూము ఆయన చేతిలో ఉంది. తూము ఎత్తగానే తుంగలో నిలిచిన నీరు మెల్లగా కదిలింది. గడ్డి దుబ్బుల మధ్య సన్నని దారులు చేసుకొని లోతుకు జారింది. ఆ దారి చివర గాలం వేశాను. బెండు వెంటనే మునిగింది. జిలేబి చేప, అరచేయంత. వెనకే ఇంకొకటి. పాటు అంటే ఇదే కదా... సముద్రం లేని పాటు.

మునెంకటప్ప గట్టు మీద నుండి చూస్తున్నాడు. "ఎవరికమ్మా ఇంగ? తినే ఆయమ్మ ఊర్లో లేకపాయె."

"నువ్వు తీసుకుపో."

"శనివారమమ్మా. మా ఇంట్లో ముట్టరు."

"అయితే వదిలేస్తాను."

"పట్టేదెందుకు, వదిలేదెందుకు! ఆ చేపలు ఏమనుకుంటాయమ్మా?"

వదిలేశాను. చేపలు ఏమనుకున్నాయో తెలియదు.

అక్టోబర్ 21, అమావాస్య

"గాలి తూర్పుకు తిరిగిందమ్మా. పడవలన్నీ ఒడ్డుకు లాగేసినారు. రేపు నీకాడికి వస్తాది చూడు."

బంగాళాఖాతంలో అల్పపీడనం. టీవీ కంటే ఆరోగ్యమే ముందు చెప్పింది. ఈ ఏడు మాకు ఇది అలవాటయింది: ఆమె ఇంటి మీదుగా పోయిన మబ్బు మరునాటికి నా ఇంటి మీదకు వస్తుంది. ఆమె ముట్టుకున్న వస్తువును నాకు అందించినట్టు... ఈ వాక్యం కొట్టేయాలి. కొట్టేయను.

అక్టోబర్ 22

కొరమీను! మోచేతి పొడవు ఉంది. వాన మొదలయ్యే ముందు గాలి బరువు తగ్గుతుంది, ఆ కాస్త వ్యవధిలో చేప ఆకలి మీద తిరుగుతుంది. ఇన్నేళ్ళుగా నేను అంటున్న మాటే. ఆరోగ్యం నమ్మేది కాదు. గట్టు మీద నుండే ఫోన్ చేశాను.

"ఎంత పొడుగు?"

"మోచేయంత."

"నీ మోచేయా, నా మోచేయా? నీది వెదురుపుల్ల కదా! ఎవరు వండుతాండారు?"

"వదిలేశాను."

"కొరమీనునా! అయ్యో పాపిష్టిదానా! ఒగ పిల్లి కూడా దొరకలేదా నీకు?"

ఒళ్ళంతా తడిసి ఇంటికి వచ్చాను. ఇంత నవ్వి చాలా రోజులయింది.

అక్టోబర్ 24

ముసురు. ఎముకల్లోకి దిగే చలి. అక్కడ ఫోన్లు పనిచేయడం లేదు. వాతావరణ పటం చూశాను. ఆందోళన ఏమీ లేదు. ఊరికే చూశాను.

అక్టోబర్ 25

ఊరికే మళ్ళీ చూశాను. పటంలో ఆ తెల్లని సుడి సరిగ్గా దాసు ఇంటి మీద కూర్చొని ఉంది. తడ, సూళ్ళూరుపేట వైపు తెలిసినవారు ఎవరైనా ఉన్నారా అని ఆలోచించాను. లేరు. ఉప్మా మాడిపోయింది.

అక్టోబర్ 26

మాట్లాడింది. అందరూ క్షేమం. ఏర్లు పొంగి సరస్సులో పడ్డాయట. ఉప్పునీళ్ళు తియ్యనైపోయాయట. రోడ్డు మీద నీళ్ళు. సముద్రంలో కలిసే మొగ వెడల్పయిందట. ఉప్పు మళ్ళీ ఎక్కేదాకా రొయ్య ఉండదట. ఇవన్నీ ఉత్సాహంగా చెప్పి, గొంతు మార్చింది.

"దాసు నాకని ఒగ గది వేస్తానంటాండాడు. ఈడనే ఉండిపొమ్మంటాండాడు. నువ్వేమంటావు?"

"నీ ఇష్టం."

"అంతేనా?"

"ఒకరి నిర్ణయాలలో నేను జోక్యం చేసుకోను. నా నిర్ణయాలలో ఎవరినీ చేసుకోనివ్వలేదు."

"సరేలేమ్మా" అని పెట్టేసింది. 'లెక్చరరూ' అనలేదు.

సరైన సమాధానమే చెప్పాను. ఉద్యోగంలో చేరినప్పుడు నాన్నకూ, పెళ్ళి వద్దన్నప్పుడు అమ్మకూ, ఈ ఇల్లు కొనుక్కున్నప్పుడు అన్నయ్యలకూ ఇదే చెప్పాను. అప్పుడు ప్రతిసారీ నిశ్చింతగా నిద్రపోయాను.

అక్టోబర్ 31

ముసురు విడిచింది. ఆకాశం కడిగినట్టు నీలం. ఇదే అసలు చెడ్డ కాలం. రాత్రంతా పొడి చలి. పొద్దున చెరువు మీద ఆవిరి లేస్తుంది. పైనీరు చేతికి జిల్లుమంటుంది, చేప లోతున బురద మీద కదలకుండా పడుకుంటుంది. మధ్యాహ్నం ఎండ తగిలే రాతికట్ట వైపు మాత్రమే కాస్త ఆశ. అక్కడే కూర్చున్నాను.

"ఎవరితోనమ్మా మాట్లాడతాండావు?" మునెంకటప్ప.

నేను మాట్లాడుతున్నట్టు నాకు తెలియదు. "చేపతో" అన్నాను.

"ఇది కర్ణాటక చేపమ్మా. తెలుగు అర్థమవుతాదో లేదో!"

"చెప్పి చూస్తున్నాను."

"ఆయమ్మ ఉంటే చేపకూ నీకూ మాట్లాడే సందే ఇచ్చేది కాదు కదా" అని నవ్వుకుంటూ తూము వైపు వెళ్ళిపోయాడు.

నవంబర్ 5, పున్నమి

నేనే ఫోన్ చేశాను. ఈ పున్నమికి పెద్ద పోటు రావలసి ఉంది కదా, ఎట్లా ఉందని అడిగాను. శాస్త్రీయమైన ఆసక్తి.

"యాడొచ్చిందమ్మా! ఉత్తరం గాలి ఒగటే తోస్తాండాది. మా కొసన ఉన్న నీళ్ళన్నీ దక్షిణం పక్కకు పోతాండాయి. పున్నమి పోటు కూడా గడ్డి దాకా ఎక్కలే. రొయ్య లోపలికి రాలే. పండుగప్ప చలికి ముడుచుకోని గుంటలో పడుకొనుండాది. దాసు వల ఎండబెట్టుకోని సీరియల్ చూస్తాండాడు."

"ఇక్కడా అంతే. చలి."

"అయితే మనిద్దరికీ ఒగటే గతి."

ఇద్దరమూ నవ్వాము. ఆ గది గురించి నేను అడగలేదు. ఆమె ఎత్తలేదు. ఫోన్ మాత్రం ఇద్దరమూ వెంటనే పెట్టలేదు.

నవంబర్ 9

కూరగాయలకని బయలుదేరి, చాంపియన్ రీఫ్‌లో ఆరోగ్యం ఉండే వీధి మీదుగా వెళ్ళాను. దారి కాదు. వెళ్ళాను. ఆమె అద్దెకున్న ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. వచ్చేసిందనుకున్నాను. కాళ్ళు వాటంతట అవే వేగంగా నడిచాయి.

లోపల సున్నం కొడుతున్నారు. ఇంటి యజమానురాలు బక్కెట్ దించి చూసింది. "ఆయమ్మ ఖాళీ చేసేసింది కదమ్మా! తమ్ముడి కొడుకు టెంపో తెచ్చి సామాన్లు తీసుకపోయినాడు. నీకు చెప్పలేదా?"

"చెప్పింది. మరిచిపోయాను."

కూరగాయలు కొనలేదు.

నవంబర్ 10

రాగిపిండి కలపలేదు. చెరువుకు వెళ్ళలేదు.

నవంబర్ 13

ఎవరినీ ఏదీ అడగకుండా ఇంత దూరం నడిచాను. అది నిజం. అయితే ఈ నడకలో సగం దూరం పక్కన ఒక మనిషి ఉంది, అడగకుండానే ఉంది. టైఫాయిడ్ వచ్చినప్పుడు గడియారం పెట్టుకొని మాత్రలు మింగించింది. అమ్మ పోయినప్పుడు ఇంటి ముందు బెంచీ వేసుకొని కూర్చుంది. 'నువ్వేమంటావు' అని ఆమె నన్ను ఒకే ఒకసారి అడిగింది. దానికి నేను ఇచ్చినది కాలేజీ గుమాస్తాకు ఇవ్వవలసిన జవాబు.

నవంబర్ 14

చేశాను. ఆరోగ్యం దాసు పడవలో ఉంది. ఇంజన్ చప్పుడు, గాలి హోరు.

"ఆరోగ్యం, తిరిగి రా."

"ఏమంటివి?"

"వినబడింది నీకు."

"లేదమ్మా, గాలి! గట్టిగా చెప్పు."

"తిరిగి రా అంటున్నాను! అడుగుతున్నాను!"

ఎదురింటివారు కిటికీలోంచి చూశారు. అటువైపు దాసు పకపకా నవ్వడం వినిపించింది. "స్పీకర్‌లో పెట్టినానమ్మా, నువ్వు అడిగేది ఒగ సాక్షి వినల్ల కదా" అంది ఆరోగ్యం. తరువాత, హడావిడిగా: "గాలి ఇప్పుడిప్పుడే తగ్గుతాండాది, పాటు మొదలైంది, కాలవ మొగదల వల వేసేదుండాది. మళ్ళీ చేస్తా."

వస్తాననలేదు. రాననలేదు.

నవంబర్ 16, ఆదివారం

చేసింది. ఈసారి ఇంట్లో నుండి. చుట్టూ చప్పుడు లేదు.

"వస్తే యాడ ఉండేది? ఇల్లు వదిలేసినా కదా."

"నా ఇంట్లో ఉండు."

"అంత బిరీన చెప్పొద్దు. నేనుంటే చేప వండుతా. నాకు అది లేకుంటే ముద్ద దిగదు. నువ్వు పట్టింది నేను వండాల్సిందే."

"వండుకో. వెనుక వరండాలో స్టౌ పెట్టిస్తాను."

"వరండాలో కాదు."

ఫోన్ మరో చెవికి మార్చుకున్నాను.

"కోపం చేసుకోవద్దమ్మా. ఇన్నేండ్లు నీ ఇంటికి వస్తి. హాల్లో కూర్చుంటి, కాఫీ తాగితి. వంటింటి గడప నేను దాటలేదు. నువ్వు రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. మీ అమ్మ ఉన్నప్పుడు సరే. ఆయమ్మ పోయినంక కూడా మనిద్దరం అట్లే ఉంటిమి. వచ్చిపోయేదానికి అది చాలు. ఉండిపోయేదానికి చాలదు."

"ఆరోగ్యం..."

"ఇప్పుడు చెప్పొద్దు. గురువారం అమావాస్య. అంతలోపల యోచన చేసి చెప్పు. మళ్ళీ గాలి తిరిగేట్టుండాది, ముసురు పట్టేలోపల బస్సెక్కితే ఎక్కినట్టు. లేకుంటే ఈడనే. నువ్వు కాదన్నా నేనేమీ అనుకోను. నిజంగా అనుకోను. నువ్వు నా లెక్చరరువే."

నవంబర్ 17

చెరువుకు వెళ్ళాను. బెండును చూడలేదు. మునిగిందట, మునెంకటప్ప అరిచాడు.

ఆచారాలను నేను నమ్మను. తరగతిలో చెప్పాను, సభలలో చెప్పాను, అన్నయ్యల మొహాన చెప్పాను. మరి ఆ గడప దగ్గర ఆమె ఆగినప్పుడల్లా నేను ఏమి చేస్తూ ఉన్నాను? కాఫీ కలుపుతూ ఉన్నాను.

నవంబర్ 18

నన్ను వేధిస్తున్నది ఆమె రావడం కాదు. వాసన కూడా కాదు. పద్దెనిమిది మంది పిల్లలతో క్యాంపులకు వెళ్ళినదాన్ని, వాసనలు నాకు కొత్త కాదు. ఆ వంటింట్లో అమ్మ ఉంది. తడిబట్టతో, నన్ను కూడా ముట్టుకోనివ్వని అమ్మ. ఆమెతో నేను జీవితమంతా వాదించాను. వాదనలో గెలిచాననుకున్నాను. ఇప్పుడు, ఆమె లేనప్పుడు, ఒక్క మూకుడు పొయ్యి మీద పెట్టాలంటే ఆమె మొహం చూసుకోవలసి వస్తోంది.

ఆరోగ్యం మొహం కూడా.

నవంబర్ 19, బుధవారం

గాలి తూర్పుకు తిరిగింది. చలిలో తడి ఉంది. చెరువు మీద చిన్న చిన్న అలలు. చేపలు ఇవాళ ఆకలి మీద ఉంటాయి. వెళ్ళలేదు.

ఆరోగ్యం గిన్నెలకని వంటింట్లో కింది అర ఖాళీ చేయాలని కూర్చున్నాను. అమ్మ ఇత్తడి పాత్రలు. మడి బిందె, పప్పు గిన్నె, మూత సరిగా పట్టని ఆ పెద్ద తపేలా. అన్నీ తీసి పై అరలో సర్దాను. బాగానే ఉంది. చాలా చోటు వచ్చింది. కాసేపటికి, అమ్మవి పైన, ఆమెవి కింద అని తోచి, అన్నీ మళ్ళీ దించి కడగసాగాను.

ఆరోగ్యం ఫోన్ రెండుసార్లు మోగింది. తడి చేతులు తుడుచుకునేలోపు ఆగిపోయింది. అక్కడ ఇప్పుడు పోటు ఎక్కుతూ ఉండాలి.

పాత్రలు భోజనం బల్ల మీద ఉన్నాయి. కింది అర ఖాళీగా ఉంది. పై అర కూడా.