చెల్లెలికి దక్కని శ్రుతి

టెక్కలి, మాఘ బహుళ తదియ

చెల్లెలు సీతకు గొంతే లేదన్నది అభియోగం. ఈ సాయంత్రం సంగీతం పంతులుగారు హార్మోనియం మూసేసి, "ఈ పిల్లకి పాటేటమ్మా! రేపటినుంచి మీ పెద్దోడికే సెప్తాను" అన్నారు.

అన్నయ్యకూ సీతకూ ఆయన పెట్టేది ఒకటే శ్రుతి. మగగొంతుకు అనువైన ఒకటో శ్రుతి. అంత కింద షడ్జం పట్టబోతే సీతకు గాలి తప్ప నాదం రాదు. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి అంతకంటే పైదైన ఐదో శ్రుతిలో హాయిగా పాడుతుంది. సీతకూ అదే పెట్టమన్నాను.

"ఒక పెట్టికి రెండు శ్రుతులేటమ్మా!" అని ఆయన నవ్వారు.

"కాలేజీ వాదనల పోటీలో గెలిసిన నోరు పంతులుగారి మీద సూపెట్టకే" అని అమ్మ కసిరింది.

వాదించి వాదించి అలసిపోయాను. ఇందాక సీత గోడవైపు తిరిగి, "అక్కా, నిజంగా నాకు గొంతు నేదేటే?" అంది. నాకు తెలిసింది తర్కమే, సంగీతం కాదు. ఒకవేళ నేనే పొరబడి ఉంటే...

అయినా రేపు అడిగి తీరతాను. పంతులుగారూ, అమ్మా! ఐదో శ్రుతి పెట్టండి. ఒక్క సరళీవరస పూర్తయ్యేదాకా మాట్లాడకుండా వినండి. తీర్పు ఆ తరువాత చెప్పండి.