పిస్టళ్లకు బొట్లు

సెప్టెంబర్ 9, 2022, శుక్రవారం

తెలుగులో రాస్తున్నా. నా స్పెల్లింగులు చూస్తే మా తెలుగు టీచర్ ఏడుస్తుంది. అయినా ఇదే సేఫ్. నోట్‌బుక్ బ్యాగ్‌లోనే ఉంటుంది, కాలేజీలో ఎవరి చేతిలో పడ్డా చదవలేరు. ఇంట్లో మాత్రం ఆంటీకి చదవడం వచ్చు. అందుకని ఇంటికి రాగానే సూట్‌కేస్ లైనింగ్‌లో దాచేస్తా.

కెనడాలో ఈ ఏజాక్స్ ఊరికి వచ్చి పదిహేను రోజులైంది. బేస్‌మెంట్‌లో నేనొక్కదాన్నే. పైన కోదండరామ్ అంకుల్, భ్రమరాంబ ఆంటీ. ఆంటీ అమ్మకి దూరపు చుట్టం, అందుకే ఈ రూమ్ దొరికింది. మా బ్యాచ్ అమ్మాయిలు ఒక్కో ఇంట్లో తొమ్మిదేసి మంది ఉంటున్నారు. బాత్రూమ్‌కి టైమ్‌టేబుల్ వేసుకున్నారట. నువ్వు లక్కీ అంటారు నన్ను. ఆ టైమ్‌టేబుల్‌లో నా పేరు కూడా ఉంటే బాగుండేదని వాళ్లకి చెప్పలేదు.

పొద్దున అంకుల్ బస్‌స్టాప్‌లో దింపారు. కారెక్కేముందు ఆయన కుడిచెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది, జాకెట్ కింద ఏదో ఉందో లేదో తడుముకున్నట్టు. రోజూ అంతే. ఏమిటో అడగడానికి భయం.

సెప్టెంబర్ 14

ఇవాళ అంకుల్ జాకెట్ వేసుకోలేదు. చూశాను. అక్కడ ఏమీ లేదు.

సెప్టెంబర్ 17, శనివారం



బట్టలు ఉతుక్కుందామని లాండ్రీ వైపు వెళ్లాను. పక్క గది తలుపు ఎప్పుడూ తాళం వేసి ఉంటుంది. ఇవాళ తీసి ఉంది. లోపల టేబుల్ మీద టవల్, టవల్ మీద నాలుగు పిస్టళ్లు. అంకుల్ పాత టూత్‌బ్రష్‌తో ఒకదాన్ని తోముతున్నారు. నా చేతిలో బాస్కెట్ పడిపోయింది. భయపడకు బిడ్డా, అన్నీ ఖాళీనే అన్నారు. నా సాక్స్ ఏరి ఇచ్చారు కూడా.

నా మొహం చూసి సాయంత్రం ఆంటీ కూర్చోబెట్టి చెప్పింది. హ్యూస్టన్‌లో ఉండగా ఒకడు పార్కింగ్ లాట్‌లో అంకుల్ తలకి గన్ పెట్టాడట. ఆ తర్వాత పదకొండేళ్లు అంకుల్ లైసెన్స్ తీసుకుని నడుముకి పిస్టల్ పెట్టుకునే తిరిగారట. పాలప్యాకెట్‌కి వెళ్లినా సరే, పెళ్లికి వెళ్లినా సరేనమ్మా, ఫొటోల్లో ఈయనొక్కడే ఒకవైపు లావుగా ఉంటాడు అంది. గ్రీన్ కార్డ్ ఎంతకీ రాక ఇక్కడికి వచ్చేశారు. ఇక్కడ అలా పెట్టుకుని తిరగడం కుదరదు. ఇంట్లో సేఫ్‌లో ఉండాలి, బయటికి తీస్తే తాళం వేసిన బాక్సులో ఉండాలి. గన్ పోయింది గానీ ఆ చెయ్యి ఊరుకోదు కదమ్మాయ్ అని ఆంటీ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ చెయ్యి భయపడుతోంది. నాకు తెలుసు, నేను కూడా బస్సులో పాస్‌పోర్ట్ అలాగే తడుముకుంటాను.

అమ్మకి ఫోన్‌లో ఏమీ చెప్పలేదు. సాంబార్ గురించి చెప్పాను.

సెప్టెంబర్ 24

అంకుల్ పిలిచి పిస్టళ్లు చూపించారు. ఆయన కొన్నవన్నీ పాతవే, అన్నిటికీ ఒక లీవర్ ఉంటుంది. డీకాకింగ్ లీవర్, ఎక్కుపెట్టినదాన్ని పేల్చకుండా దించడానికి. గ్రిప్ పైన, ఎడమవైపు, బొటనవేలికి అందేట్టు. వేరే కంపెనీలవాటికి అది పైన జరిగే ముక్కకి ఉంటుందట. అవి అంకుల్‌కి నచ్చవు. చెయ్యి సాపి అందుకోవాలె, ఇదైతే వేలు కింద్నే ఉంటది అన్నారు.

ఒకదాని మీద వెస్ట్ జర్మనీ అని చెక్కి ఉంది. అంకుల్, ఆ దేశం ఇప్పుడు లేదు కదా అన్నాను. గందుకే అగ్గువకు ఇచ్చిండ్రు అన్నారు సీరియస్‌గా. జోక్ అని కిందికి వచ్చాక అర్థమైంది.

ఖాళీదని రెండుసార్లు తెరిచి చూపించి నా చేతిలో పెట్టారు. నేననుకున్నదానికంటే బరువు. వెనక తూటాని కొట్టే హ్యామర్ లేచి ఉంది. లీవర్ నొక్కమన్నారు. నొక్కితే హ్యామర్ టక్‌మని దిగింది. పేలదు. కోపంల ఉన్నోన్ని భుజం పట్టి కూసోబెట్టినట్టు అన్నారు. నాలుగుసార్లు నొక్కాను. వచ్చాక ఇంతసేపు భయపడకుండా ఉన్నది ఇవాళే.

అక్టోబర్ 21 నుంచి కొత్త రూల్ వస్తోందట. ఎవరూ పిస్టల్ కొనకూడదు, అమ్మకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఉన్నవాళ్ల దగ్గర ఉన్నవి ఉంటాయంతే. ఇగ ఇవే నావి అన్నారు అంకుల్, పిల్లల్ని లెక్కపెట్టుకున్నట్టు.

అక్టోబర్ 4, మంగళవారం

ఆయుధపూజ. ఆంటీ హాల్లో అమ్మవారి ముందు తెల్ల పంచె పరిచి అన్నీ పెట్టింది. కారు తాళాలు, మిక్సీ, కత్తిపీట, మంచు తీసే పార, అంకుల్ లాప్‌టాప్. నా పుస్తకాలు తెమ్మంది. తెచ్చాను. నీకిక్కడ అసలు ఆయుధం అది కాదే అంటే ఇక్కడ చదువుకోనిచ్చే కాగితం, స్టడీ పర్మిట్ కూడా తెచ్చి పెట్టాను. దాని పక్కన నాలుగు పిస్టళ్లు. ఆంటీ అన్నిటికీ పసుపు, కుంకుమ పెట్టుకుంటూ వచ్చింది. పిస్టళ్ల దగ్గర అంకుల్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపారు. గీడ పెట్టకు, లోపలికి పోతే జామ్ అయితది. బొట్టు గ్రిప్ మీదే పెట్టించారు.

అసలు గొడవ తర్వాత. పూజ అయ్యాక అంకుల్ వాటిని తీసి సేఫ్‌లో పెట్టబోయారు. ఆంటీ ఒప్పుకోలేదు. పూజలో పెట్టినవి రేపు దశమి పొద్దున మళ్లీ హారతి ఇచ్చేదాకా కదపకూడదు, మా ఇంట్లో మా నాన్న నాగలి కూడా కదిపేవాడు కాదు అంది. రాత్రంతా బయట ఉంచితే చట్టం ఒప్పుకోదన్నారు అంకుల్. అమ్మవారి ముందుకంటే సేఫ్ ఎక్కడుందండీ అంది ఆంటీ. గా ముచ్చట పోలీసులకు నువ్వే చెప్పు అన్నారు. పెళ్లయిన ముప్పయ్యేళ్లలో ఒక్క పూజ సరిగా చెయ్యనిచ్చారా అని ఆంటీ ముక్కు చీదింది.

అంకుల్ నాలుగిటికీ ట్రిగ్గర్ తాళాలు వేసి, అక్కడే వదిలేసి పైకి వెళ్లి పడుకున్నారు.

అక్టోబర్ 5, పొద్దున 6:10

నీళ్లకోసం పైకి వచ్చాను. ఎవరూ లేవలేదు. దీపం ఇంకా వెలుగుతోంది. పిస్టళ్లకు బొట్లు, బంతిపూలు. ఎంత అందంగా ఉందో. ఫొటో తీశాను. ఇన్‌స్టా స్టోరీ పెట్టాను. హ్యాపీ దసరా ఫ్రమ్ మై న్యూ హోమ్ అని.

సాయంత్రం 5:00

అరవై మూడు వ్యూస్! ఎప్పుడూ ఏడే వస్తాయి. స్కూల్లో నాతో మాట్లాడనివాళ్లు కూడా ఫైర్ ఎమోజీలు పెట్టారు.

సాయంత్రం 7:30

మా క్లాస్ అమ్మాయి ఇషిత మెసేజ్ చేసింది. పిచ్చిదానా, పిస్టల్ పక్కన నీ పర్మిట్ ఉంది, జూమ్ చేస్తే నీ పేరు కనిపిస్తోంది, తీసెయ్ అని. తీసేశాను. ఎవరో అప్పటికే స్క్రీన్‌షాట్ తీశారట. ఎవరో తెలీదంది.

అక్టోబర్ 6

ఏమీ జరగలేదు.

అక్టోబర్ 8, శనివారం

జరిగింది.

పోలీసులు ఇద్దరు వచ్చారు. ఎవరో ఫొటో పంపారట. నేను కింద మెట్ల మీద కూర్చుని విన్నాను. అరవలేదు, తోయలేదు. బూట్లు విప్పమంటారా అని కూడా అడిగారు. నాలుగు పిస్టళ్లూ, లైసెన్సూ తీసుకుని రసీదు ఇచ్చి వెళ్లారు. అంకుల్‌తో పక్క గదిలో చాలాసేపు మాట్లాడారు, అది వినపడలేదు. మంగళవారం మళ్లీ వస్తారట. ధరణి అనే అమ్మాయితో మాట్లాడాలట.

ధరణి అంటే నేనే.

అంకుల్ వాకింగ్‌కి వెళ్లిపోయారు. ఆంటీ కిందికి వచ్చింది. ఈ రూమ్‌లోకి రావడం ఇదే మొదటిసారి. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎవరో లాయర్‌ని అడిగిందట. ఫొటో తీసినప్పుడు అంకుల్ అదే గదిలో ఉంటే పెద్ద తప్పేం కాదు, కాపలా ఉన్నట్టే. రాత్రంతా వాటిని వదిలేసి పడుకున్నాడని తేలితే లైసెన్స్ పోతుంది, అవన్నీ పోతాయి. కొత్త రూల్‌తో ఇక జన్మలో కొనలేడు. మీ అంకుల్ నీ పక్కనే నిలబడ్డాడని చెప్పమ్మా, ఒక్క మాట, పూజ కోసం పట్టుబట్టింది నేనమ్మా అంది. నా మంచం మీద కూర్చుని ఏడ్చింది. నేను నిలబడే ఉన్నాను.

అక్టోబర్ 9

పోలీసులకి అబద్ధం చెప్తే స్టడీ పర్మిట్ క్యాన్సిల్ చేస్తారా? గూగుల్ చేశాను. సగం చదివి మూసేశాను. హిస్టరీ డిలీట్ చేశాను. డిలీట్ చేసినా వాళ్లకి తెలుస్తుందేమో.

నిజం చెప్తే అంకుల్‌వి పోతాయి. అబద్ధం దొరికితే నేను పోతాను. అమ్మ వీడియో కాల్ చేసింది. కెమెరా పాడైందని చెప్పాను.

అక్టోబర్ 10

హాలిడే. కాలేజీ లేదు. ఎవరితో మాట్లాడలేదు. నిన్న కూడా, అమ్మతో తప్ప.

అక్టోబర్ 11, మంగళవారం

ఒక ఆఫీసరే వచ్చింది, ఆడావిడ. డైనింగ్ టేబుల్ దగ్గర నేను, ఆవిడ. అంకుల్ సోఫాలో. ఆంటీ కిచెన్‌లో కొత్తిమీర తరుగుతోంది, తరిగిందే మళ్లీ తరుగుతోంది. ఫొటో ఎన్నింటికి తీశావని ఆఫీసర్ అడిగింది. సిక్స్ టెన్ అన్నాను. అప్పుడు గదిలో ఎవరున్నారు అంది.

అంకుల్ నా పక్కనే ఉన్నారు అన్నాను. ఇంగ్లిష్‌లో, చాలా క్లియర్‌గా.

ఆవిడ రాసుకోలేదు. పెన్ను కింద పెట్టింది. శనివారమే ఆయన మాకు అంతా చెప్పేశారు అంది. రాత్రంతా బయటే వదిలి పైన నిద్రపోయానని, ఆ అమ్మాయికి ఇక్కడి రూల్స్ తెలీవు, ఆమె పేరు ఇందులోకి లాగొద్దని. నీ జవాబు మార్చుకుంటావా అని మెల్లగా అడిగింది.

మార్చుకున్నాను.

కిచెన్‌లో కత్తి ఆగిపోయింది. అంకుల్ ఆంటీకి కూడా చెప్పలేదన్నమాట.

అక్టోబర్ 12

అంకుల్ దగ్గరికి వెళ్లి, ఫొటో పెట్టింది నేనే అన్నాను, ఆయనకి తెలియనట్టు. ఎందుకు పెట్టినవ్ బిడ్డా అన్నారు. అరవై మూడు మంది చూశారంకుల్ అన్నాను. ఆ అరవై మూడు మందిల మొన్నటిసంది ఎంతమంది ఫోన్ చేసిండ్రు అని అడిగారు.

ఎవరూ చెయ్యలేదు.

అబద్ధం చెప్పినందుకు కోపమా అని అడిగాను. గట్ల ఇంకెప్పుడు చెయ్యకు అన్నారు. లేచి వెళ్లి నాక్కూడా టీ పెట్టారు. చక్కెర మర్చిపోయారు. తాగేశాను.

అక్టోబర్ 15

ఆంటీ నాలుగు రోజుల తర్వాత మాట్లాడింది. పప్పులో ఉప్పు సరిపోయిందా అని.

అక్టోబర్ 19, బుధవారం

తేలిపోయింది. పిస్టళ్లు, లైసెన్స్ వదులుకుంటే కేసు ఉండదన్నారట. అంకుల్ సంతకం పెట్టారు. కాగితాలు కిందికి తెచ్చి ఒక్కో పేజీ తిప్పి నాకు చూపించారు. నీ పేరు ఏడన్న ఉందా చూడు, నువ్వే చూడు, లేకపోతే నిద్రపోవు అన్నారు. చూశాను. లేదు.

ఆ గది తలుపుకి ఇప్పుడు తాళం లేదు. ఆంటీ లోపల బియ్యం బస్తాలు పెట్టించింది.

అక్టోబర్ 23, ఆదివారం

అంకుల్ రమ్మంటే కారెక్కాను. ఊరి బయట షూటింగ్ రేంజ్ పార్కింగ్‌లో ఆపారు. దిగలేదు. అద్దాలు దించారు. చెట్ల వెనక ఎవరో కాలుస్తున్నారు. అంకుల్ కళ్లు మూసుకుని, ఒక్కో చప్పుడుకీ పిస్టల్ పేరు చెప్పడం మొదలుపెట్టారు. నేనూ ఒకటి చెప్పాను. కాదు బిడ్డా అన్నారు. చలికి వేళ్లు తెలీడం లేదు.

ఇంకోటి చెప్పాను.